రెండు తెలియని ధరలు: గోదావరి సీమలో జంట సమీకరణాల చరిత్ర

తెలియని రాశులు రెండు ఉంటే, వాటిని తేల్చడానికి వాటి గురించి రెండు మాటలు తెలియాలి. ఒక్క మాట చాలదు. రెండో మాట మొదటిదానికే మరో రూపమైతే అదీ చాలదు. బీజగణితంలో రెండు చరరాశుల రేఖీయ సమీకరణాల జత అని పిలిచే పాఠమంతా ఈ చిన్న విషయం చుట్టూనే తిరుగుతుంది. పాఠం బడిపుస్తకంలోకి వచ్చింది ఇటీవలే. లెక్క మాత్రం గోదావరి తీరానికి చాలా పాతది.

కోనసీమలో మామిడికుదురు చుట్టుపక్కల తోటల నుంచి కొబ్బరి అంబాజీపేట మార్కెట్టుకు వెళ్తుంది. కాయను వలవకుండా అటక మీద నెలల తరబడి ఉంచితే లోపలి నీరు ఇంకి, కొబ్బరి చిప్ప నుంచి విడివడి గుండులా తయారవుతుంది. ఊపితే లోపల కదిలే చప్పుడు వినిపిస్తుంది. అదే కురిడీ. కొత్త కొబ్బరి ధర క్వింటా లెక్కన పలికితే, కురిడీ ధర వెయ్యి కాయల లెక్కన పలుకుతుంది. కురిడీలో గండేరా, గటగట అని రెండు రకాలు. గండేరాకు ధర ఎక్కువ. రెండు రకాలూ కలిసిన సరుకుకు ఒకే మొత్తంగా సొమ్ము చేతికి వస్తే, ఏ రకం ఏ ధరకు పోయిందో ఆ మొత్తం చెప్పదు.

ఒక రైతు 3 వేల గండేరా, 2 వేల గటగట కలిపి 71 వేల రూపాయలకు ఇచ్చాడనుకోవచ్చు. అంకెలు లెక్క సులువు కోసం వేసుకున్నవే. ఈ ఒక్క అమ్మకం నుంచి ధరలు తేలవు. గండేరా వెయ్యి 17 వేలు, గటగట 10 వేలు అన్నా మొత్తం 71 వేలే. 19 వేలు, 7 వేలు అన్నా అంతే. అదే రోజు అదే ధరలకు పక్క తోట రైతు 2 వేల గండేరా, 3 వేల గటగట ఇచ్చి 69 వేలు తీసుకున్నాడని తెలిస్తే అప్పుడు ముడి విడుతుంది. రెండు అమ్మకాలూ కలిపితే 5 వేల గండేరా, 5 వేల గటగట, 140 వేల రూపాయలు. అంటే వెయ్యి గండేరా, వెయ్యి గటగట కలిసి 28 వేలు. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే వెయ్యి గండేరా వెయ్యి గటగట కంటే 2 వేలు ఎక్కువ. మొత్తం 28, తేడా 2. కాబట్టి ఒకటి 15 వేలు, ఒకటి 13 వేలు. కాగితం అక్కర్లేదు, ఎక్స్, వై అసలే అక్కర్లేదు.

సరిగ్గా ఇదే అచ్చులో ఉన్న లెక్క తొమ్మిదో శతాబ్దపు సంస్కృత గ్రంథంలో ఉంది. రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుడి కాలంలో, సుమారు 850 ప్రాంతంలో, జైనుడైన మహావీరాచార్యుడు ‘గణితసార సంగ్రహం’ రాశాడు. అందులో మిశ్రక వ్యవహారం అనే అధ్యాయం కలగలుపు లెక్కలది. వడ్డీలు, వాటాలు, బంగారం వన్నెలు, పండ్ల బేరాలు అన్నీ అందులోనే వస్తాయి. అక్కడ ఒక పండ్ల లెక్క కనిపిస్తుంది. 9 మాదీఫలాలు, 7 వెలగపండ్లు కలిసి 107. 7 మాదీఫలాలు, 9 వెలగపండ్లు కలిసి 101. ఒక్కొక్క పండు ధర ఎంత?

మహావీరుడు చెప్పిన సూత్రం సారం ఇది. పెద్ద మొత్తాన్ని పెద్ద సంఖ్యతోనూ, చిన్న మొత్తాన్ని చిన్న సంఖ్యతోనూ గుణించి, మొదటిదాంట్లోంచి రెండోదాన్ని తీసెయ్యాలి. వచ్చినదాన్ని ఆ సంఖ్యల వర్గాల తేడాతో భాగిస్తే ఖరీదైన పండు ధర వస్తుంది. 107ను 9తో గుణిస్తే 963. 101ని 7తో గుణిస్తే 707. తేడా 256. తొమ్మిది వర్గం 81, ఏడు వర్గం 49, వాటి తేడా 32. 256ను 32తో భాగిస్తే 8. మాదీఫలం ధర 8. గుణకాలను తారుమారు చేస్తే 909 లోంచి 749 పోయి 160 మిగులుతుంది. దాన్నీ 32తో భాగిస్తే 5. వెలగపండు ధర 5. సరిచూసుకుంటే 72, 35 కలిసి 107. 56, 45 కలిసి 101.

సూత్రం మంత్రంలా కనిపించినా లోపల ఉన్నది మామూలు బేరమే. మొదటి బుట్టను తొమ్మిదింతలు చేస్తే అందులో 81 మాదీఫలాలు, 63 వెలగపండ్లు ఉంటాయి. రెండో బుట్టను ఏడింతలు చేస్తే 49 మాదీఫలాలు, 63 వెలగపండ్లు. వెలగపండ్లు రెండింట్లోనూ సమానమయ్యాయి కనుక ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే అవి కొట్టుకుపోతాయి. మిగిలేవి 32 మాదీఫలాలు, వాటి ధర 256. నేటి పదో తరగతి పుస్తకం చరరాశిని తొలగించే పద్ధతి అంటున్నది దీన్నే. మహావీరుడు ఆ దారి నడిచి, చివరికి చేరిన చోటును మాత్రం శ్లోకంలో పెట్టాడు. నడిచిన దారి చూపించలేదు. నాటి గణిత గ్రంథాల తీరే అంత. సూత్రం నోటికి రావాలి, కారణం గురువు నోట వినాలి.

ఈ సూత్రానికి ఒక హద్దు ఉంది. రెండు బుట్టల్లో సంఖ్యలు తారుమారైనప్పుడే, అంటే తొమ్మిది ఏడు, ఏడు తొమ్మిది అయినప్పుడే అది పనిచేస్తుంది. పైన చెప్పిన కురిడీ లెక్క 3, 2 అయి ఆపై 2, 3 అయింది కనుక ఈ సూత్రానికి లొంగుతుంది. 71ని 3తోనూ 69ని 2తోనూ గుణించి తీసేస్తే 75, దాన్ని 5తో భాగిస్తే 15. రెండో రైతు 4 వేల గండేరా, వెయ్యి గటగట ఇచ్చి 73 వేలు తీసుకుని ఉంటే సూత్రం చేతులెత్తేస్తుంది. తొలగింపు మాత్రం ఆగదు. రెండో అమ్మకాన్ని రెండింతలు చేస్తే 8 వేల గండేరా, 2 వేల గటగట, 146 వేలు. అందులోంచి మొదటి అమ్మకం తీసేస్తే 5 వేల గండేరా 75 వేలు. జవాబు మళ్లీ 15 వేలే.

మహావీరుడి గణితం తెలుగులోకి వచ్చింది గోదావరి మీదుగానే. పావులూరి మల్లన ‘గణితసార సంగ్రహా’న్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. దానికి ‘సారసంగ్రహ గణితం’ అనీ, లోకవ్యవహారంలో ‘పావులూరి గణితం’ అనీ పేరు. రాజమహేంద్రవరం రాజధానిగా రాజరాజనరేంద్రుడు 1022 నుంచి 1061 వరకు ఏలాడు. నన్నయ భారతం మొదలుపెట్టిన ఆస్థానం అదే. పిఠాపురం దగ్గరి నవఖండవాడ గ్రామాన్ని రాజరాజు మల్లనకు ఇచ్చాడని గ్రంథం నుంచే తెలుస్తున్నది. అయితే ఆ దానం పుచ్చుకున్న మల్లనే గ్రంథకర్తా, లేక అదే పేరుగల మనుమడు గ్రంథం రాశాడా అన్న వాదం సాహిత్య చరిత్రకారుల్లో ఉంది. మొదటి పక్షమైతే గ్రంథం పదకొండో శతాబ్దిది, రెండోదైతే మరికొంత ఇటీవలిది. ఎటు చూసినా తెలుగులో శాస్త్రగ్రంథమన్నది మొదలైన తొలి రోజుల నాటిది.

మల్లన చేసింది మక్కికి మక్కి అనువాదం కాదు. మూలంలోని జైన ప్రస్తావనలున్న ఉదాహరణలను శైవానికి మార్చాడు. జినాలయాలకు పూలు పంచే లెక్క శివాలయానికి పూలు పంచే లెక్కయింది. లెక్క మారలేదు, పూజ మారింది. గణితం చదివేవాడు ఊరి గుడిని దాటి పోనక్కర లేకుండా చూసిన ఈ పని కేవలం మతాభిమానం మాత్రమే అనుకోవడం పొరపాటు. ఎనిమిది వందల ఏళ్ల తరువాత ఇంగ్లీషు బడి పుస్తకాలను తెలుగు చేసినవాళ్లు షిల్లింగులను రూపాయలు చేసినప్పుడు చేసిన పనీ ఇదే.

సంస్కృత మూలం అచ్చు మొహం చూడటానికి చాలా కాలం పట్టింది. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో సంస్కృత ఆచార్యుడూ, ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం అధిపతీ అయిన ఎం. రంగాచార్య దాన్ని ఇంగ్లీషు అనువాదంతో కలిపి 1912లో మద్రాసులో ప్రకటించాడు. హిందూ గణిత చరిత్రకు కొత్త వెలుగునిచ్చే గ్రంథమేదైనా భాండాగారంలో ఉందేమో వెతకమని అప్పటి విద్యాశాఖ డైరెక్టరు జి. హెచ్. స్టూవర్ట్ అడగడంతో ఆ వెతుకులాట మొదలైంది.

మహావీరుడికి ముందు కూడా ఈ లెక్కకు వంశవృక్షం ఉంది. 499లో ఆర్యభటుడు ‘ఆర్యభటీయం’ గణితపాదంలో ఒక నియమం చెప్పాడు. ఇద్దరి ఆస్తి సమానం. ఒక్కొక్కరి దగ్గర కొన్ని వస్తువులు, కొంత రొక్కం. రొక్కాల తేడాను వస్తువుల తేడాతో భాగిస్తే వస్తువు ధర వస్తుంది. తెలియని ధర ఉన్న వస్తువును ఆయన గుళిక అన్నాడు, రొక్కాన్ని రూపకం అన్నాడు. దీనికి 629లో మొదటి భాస్కరుడు వ్యాఖ్య రాస్తూ గుర్రాల ఉదాహరణ ఇచ్చాడు. ఒక వర్తకుడి దగ్గర 7 గుర్రాలు, 100 రూపకాలు. ఇంకొకడి దగ్గర 9 గుర్రాలు, 80 రూపకాలు. ఇద్దరి ఆస్తీ సమానం. రూపకాల తేడా 20, గుర్రాల తేడా 2, గుర్రం ధర 10. పైకి తెలియనిది ఒక్కటే, గుర్రం ధర. ఒక్కొక్కరి మొత్తం ఆస్తి ఎంతన్నది రెండో తెలియని రాశి. అది దాగి ఉంది. జవాబు తేలాక 170గా బయటపడుతుంది.

ఆర్యభటుడి పాఠం కోనసీమ నేల మీద చాలా ఆలస్యంగా, కానీ తెలుగులోనే వికసించింది. పంతొమ్మిదో శతాబ్దంలో బొబ్బర్లంకలో ఉన్న కోటికలపూడి కోదండరామ సిద్ధాంతి (1807–1893) ‘ఆర్యభటీయా’నికి ‘సుధాతరంగం’ అనే తెలుగు వ్యాఖ్య రాశాడు. ధవళేశ్వరం ఆనకట్టకు ఆనుకుని ఉన్న బొబ్బర్లంక నేటి కోనసీమ జిల్లాలో ఆత్రేయపురం మండలంలోది. ఆనకట్ట పనులు 1847 నుంచి 1852 దాకా సాగాయి. దొరల ఇంజనీర్లు నీటి మట్టాలు కొలిచిన ఆ ఒడ్డునే, అదే శతాబ్దంలో ఒక సిద్ధాంతి పదమూడు శతాబ్దాల నాటి సూత్రాలను తెలుగువాడికి విప్పిచెప్పాడు. ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ పేరు ప్రతి రేవులోనూ వినిపిస్తుంది, సిద్ధాంతి పేరు గణిత చరిత్ర చదివేవాళ్లకే తెలుసు.

తెలియని రాశికి పేరు పెట్టడం వేరే మెట్టు. సూత్రంలో సంఖ్యలకే పని. బీజగణితంలో తెలియనిదానికి అక్షరం ఇచ్చి, దాన్ని తెలిసినదానితో సమానంగా కూడి తీసి ఆడించవచ్చు. 628లో బ్రహ్మగుప్తుడు ‘బ్రాహ్మస్ఫుట సిద్ధాంతం’లో దీనికి నియమాలు కట్టాడు. ఆ సంప్రదాయంలో తెలియని మొదటి రాశి యావత్తావత్, అంటే ఎంతో అంత. తరువాతివాటికి రంగుల పేర్లు: కాలకం, నీలకం, పీతకం, లోహితకం. రాతలో మొదటి అక్షరమే: యా, కా, నీ, పీ, లో. తెలిసిన అంకెకు రూపం అని పేరు, రాతలో రూ. లోటు రాశి మీద ఒక చుక్క. రెండు పక్షాలను ఒకదాని కింద ఒకటి రాసేవారు. ఒకటి కంటే ఎక్కువ తెలియని రాశులున్న సమీకరణానికి అనేకవర్ణ సమీకరణమని పేరు వచ్చింది ఈ రంగుల వల్లే. పద్ధతి ఏమిటంటే, మొదటి రంగును ఒక పక్షంలో ఒంటరిగా ఉంచి మిగతావి అవతలికి పంపాలి, దాని గుణకంతో భాగించి విలువ రాయాలి. రెండు సమీకరణాలుంటే మొదటి రంగుకు రెండు విలువలు వస్తాయి, రెండూ సమానమే కనుక రెండో రంగు తేలుతుంది. బడిలో చెప్పే ప్రతిక్షేపణ పద్ధతికి ఇది దగ్గరి చుట్టం. సొమ్ముకు ధనం, అప్పుకు ఋణం అని బ్రహ్మగుప్తుడు వాడిన మాటలే నేటికీ తెలుగు పిల్లలు ధన సంఖ్య, ఋణ సంఖ్య అని వల్లిస్తున్నవి.

1150లో రెండో భాస్కరుడు ‘బీజగణితం’లో ఇద్దరు మిత్రుల లెక్క ఇచ్చాడు. నువ్వు నాకు 100 ఇస్తే నీకంటే రెండింతలవాణ్ణవుతాను అని ఒకడంటాడు. నువ్వు నాకు 10 ఇస్తే నేను నీకు ఆరింతలవుతాను అని రెండోవాడంటాడు. తెలియనివి రెండు, మాటలు రెండు. భాస్కరుడు రెండు రంగులు వాడకుండానే తెలివిగా ఒక్క రంగుతో నెగ్గుకొచ్చాడు. మొదటివాడి సొమ్ము రెండు యా లోంచి 100 తీసినంత, రెండోవాడిది ఒక యాకు 100 కలిపినంత అనుకుంటే చాలు. రెండోవాడు 100 ఇచ్చేస్తే అతని దగ్గర ఒక యా మిగులుతుంది, మొదటివాడి దగ్గర రెండు యా అవుతాయి. మొదటి మాట దానంతటదే తీరిపోయింది. ఇక రెండో మాట పెడితే యా 70. మొదటివాడి సొమ్ము 40, రెండోవాడిది 170. లెక్క చేసే ముందే సగం లెక్క తెగేలా పేరు పెట్టడమే ఇక్కడి నేర్పు. యాంత్రికంగా తొలగింపు నేర్చిన విద్యార్థికి ఈ దారి తట్టదు.

రంగు అనే ఈ మాటకు తెలుగులో ఇంకో వాసన ఉంది. వర్ణం తద్భవం వన్నె. కంసాలి భాషలో వన్నె అంటే బంగారం మేలిమి. పదహారు వన్నెల బంగారం అంటే కల్తీ లేనిది. మహావీరుడూ భాస్కరుడూ కూడా మేలిమి బంగారాన్ని పదహారు వర్ణాలుగానే లెక్కించారు. ఒరగల్లు మీద గీసి వన్నె తేల్చేవారు. రెండు వన్నెల బంగారం కలిపి కావలసిన వన్నె తేవడం అసలు సిసలు జంట సమీకరణం. 16 వన్నెలది కొంత, 10 వన్నెలది కొంత కలిపి 12 వన్నెల బంగారం 12 తులాలు కావాలి. బరువుల మొత్తం 12 అన్నది ఒక మాట. బరువును వన్నెతో గుణించి కూడితే 144 రావాలన్నది రెండో మాట. 12 నుంచి 10కి తేడా 2, 16 నుంచి 12కి తేడా 4. ఆ తేడాలే తిరగేసిన పాళ్లు: మేలిమి రెండు పాళ్లు, తక్కువది నాలుగు పాళ్లు. అంటే 4 తులాలు, 8 తులాలు. కొలిమి దగ్గర ఇది చదువు కాదు, చేతివాటం. బడిలో అదే లెక్కకు ఒక పేజీ పడుతుంది.

తెలియనివి ఎక్కువై మాటలు తక్కువైతే ఏమవుతుందో కూడా ఆ గ్రంథాలే చూపించాయి. 3 పణాలకు 5 పావురాలు, 5 పణాలకు 7 కొంగలు, 7 పణాలకు 9 హంసలు, 9 పణాలకు 3 నెమళ్లు. రాకుమారుడి వినోదానికి సరిగ్గా 100 పణాలకు 100 పక్షులు తేవాలి. రెండు మాటలు, నాలుగు తెలియని రాశులు. 15 పావురాలు, 28 కొంగలు, 45 హంసలు, 12 నెమళ్లు తెస్తే సరిపోతుంది. కానీ అదొక్కటే జవాబు కాదు. ఇలాంటివాటికి కుట్టకమనే వేరే శాస్త్రం పుట్టింది, గ్రహగతుల లెక్కల్లోనూ అది పనికొచ్చింది.

చైనాలో తొలగింపు పని ధాన్యపు కట్టలతో జరిగింది. ‘తొమ్మిది అధ్యాయాలు’ అనే ప్రాచీన గ్రంథంలో ఎనిమిదో అధ్యాయం మేలు, మధ్యరకం, నాసి ధాన్యపు కట్టలు ఒక్కొక్కటి ఎంత గింజ ఇస్తాయో అడుగుతుంది. పుల్లలను గళ్లలో పేర్చి ఒక వరుసలోంచి మరో వరుస తీసేస్తూ పోవడమే అక్కడి పద్ధతి. 263లో ల్యూ హుయ్ దానికి వ్యాఖ్య రాశాడు. గౌస్ పేరుతో యూరపులో స్థిరపడిన తొలగింపుకు అది పదిహేను శతాబ్దాలకు పైగా ముందుది. మరో చైనా గ్రంథంలో పంజరంలో కుందేళ్లు, కోళ్లజాతి పక్షులు కలిసి 35 తలలు, 94 కాళ్లు. కాళ్లను సగం చేస్తే 47. అందులోంచి తలలు తీసేస్తే 12 కుందేళ్లు. పక్షులు 23.

మనవైపు వీధిబడి పిల్లలకు ఈ లెక్కలు శ్లోకాల ద్వారా కాక పొడుపుల ద్వారా చేరాయి. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822 జూన్ 25న దేశీయ విద్య ఎలా ఉందో లెక్క తియ్యమని కలెక్టర్లను ఆదేశించాడు. ప్రెసిడెన్సీ మొత్తం మీద పై చదువుల పాఠశాలలు 1,094 అని తేలితే, అందులో 279 రాజమహేంద్రవరం జిల్లాలోనివే. వాటిలో 1,454 మంది విద్యార్థులు. వేదం, శాస్త్రం, జ్యోతిషం అక్కడ చదివేవి. దానికి కింద ఊరూరా ఇసుకలో ఓనామాలు దిద్దించి, ఎక్కాలు, వీసాలు, పరకలు వల్లె వేయించే వీధిబడి ఉండేది. అందులో జంట సమీకరణమన్న మాట లేదు. చెరువులో తామరలు, తుమ్మెదల పొడుపు ఉంది. పువ్వుకొక తుమ్మెద వాలితే ఒక తుమ్మెదకు చోటు లేదు. పువ్వుకు రెండేసి వాలితే ఒక పువ్వు ఖాళీ. పువ్వులు 3, తుమ్మెదలు 4. పిల్లవాడు చేతివేళ్ల మీద తేల్చేస్తాడు.

నాణేల లెక్క ఇంకాస్త గట్టిది. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు రాకముందు రూపాయికి 16 అణాలు, పావలా 4 అణాలు, బేడ 2 అణాలు. పావలాలు, బేడలు కలిసి 20 నాణేలు, విలువ 3 రూపాయలు. ఎన్ని పావలాలు? అన్నీ బేడలే అనుకుంటే 40 అణాలు. ఉన్నవి 48. ఒక్కొక్క బేడ స్థానంలో పావలా పెడితే 2 అణాలు పెరుగుతాయి. 8 పెరగాలి కనుక 4 పావలాలు, 16 బేడలు. దుకాణాల్లో పెరిగిన పిల్లలు ఈ అనుకోలు పద్ధతిని ఎవరూ నేర్పకుండానే పట్టుకునేవారు. నయాపైసలతో ఆ అంకెలు మారాయి గానీ పద్ధతికి ఏమీ కాలేదు.

ఎక్స్, వై రాజమండ్రి మీదుగా వచ్చాయి. అక్కడ 1853లో జిల్లా పాఠశాల మొదలై, 1873లో కళాశాల అయింది. ఇంగ్లీషు ఆల్జీబ్రా గోదావరి పిల్లల చేతికి అందిన తొలి చోట్లలో అది ఒకటి. మాతృభాషలో చదువు వచ్చాక దానికి తెలుగు మాటలు వెతుక్కోవలసి వచ్చింది. మారే రాశికి పాత పుస్తకాల్లో చలరాశి అన్నారు, ఇటీవలి పుస్తకాల్లో చరరాశి. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ ఇంటర్మీడియెట్ పుస్తకాలకు పరిభాష కట్టింది. అక్కడ ఇవే సమీకరణాలు మాత్రికల రూపం వేసుకుని క్రేమర్ నియమంతో ప్రత్యక్షమవుతాయి. క్రేమర్ దాన్ని ప్రకటించింది 1750లో. విడ్డూరమేమిటంటే, మహావీరుడి సూత్రంలో హారంగా వచ్చిన 81 లోంచి 49 తీసిన 32, క్రేమర్ నియమంలో నిర్ధారకమనే పేరుతో హారంగా వచ్చే సంఖ్యా ఒకటే. తెలుగు విద్యార్థికి ఈ సంగతి ఏ పుస్తకమూ చెప్పదు. చెబితే క్రేమర్ కొంచెం దగ్గరివాడయ్యేవాడు.

2014లో వచ్చిన పదో తరగతి పుస్తకంలో ‘రెండు చరరాశులలో రేఖీయ సమీకరణాల జత’ ఒక అధ్యాయం. గ్రాఫు పద్ధతి, ప్రతిక్షేపణ, తొలగింపు అందులో ఉంటాయి. గ్రాఫులో ఒక్కొక్క సమీకరణం ఒక గీత. రెండు గీతలు ఒక చోట ఖండించుకుంటే ఆ బిందువే జవాబు. సమాంతరమైతే జవాబు లేదు, ఆ జత అసంగతం. ఒకదాని మీద ఒకటి పడితే జవాబులకు లెక్కలేదు, ఆ జత పరస్పరాధారితం. పరీక్ష కోసం గుణకాల నిష్పత్తులు పోల్చి ఈ మూడు సందర్భాలను బట్టీపట్టడం మామూలు. కొబ్బరి లెక్కలో వాటికి బట్టీ అక్కర్లేదు. మొదటి రైతు 3 వేల గండేరా, 2 వేల గటగట ఇచ్చి 71 వేలు తీసుకున్నాక, ఇంకొకడు 6 వేలు, 4 వేలు ఇచ్చి 142 వేలు తీసుకుంటే ధరల గురించి కొత్తగా తెలిసింది ఏమీ లేదు, పాత మాటే రెండుసార్లు విన్నట్టు. అదే అతను 140 వేలు తీసుకున్నాడంటే ఇద్దరికీ ఒకే ధర అన్న మాట అబద్ధం. ధర తగ్గిందో, కాయల్లో తేడా ఉందో కనుక్కోవాలి గానీ లెక్క చేస్తూ కూర్చోవడం దండగ.

ఆ అధ్యాయంలోనే పడవ లెక్క వస్తుంది. ఏటివాలుకు 12 కిలోమీటర్లు 2 గంటల్లో, ఎదురుకు 3 గంటల్లో పోతే పడవ వేగం, ఏటి వేగం ఎంత? వాలుకు గంటకు 6, ఎదురుకు 4. కూడి సగం చేస్తే పడవ వేగం 5, తీసేసి సగం చేస్తే ఏటి వేగం 1. కురిడీ లెక్కలో కూడి, తీసి చేసినదే ఇదీను. మామిడికుదురు వైపు పిల్లలకు ఈ లెక్క పుస్తకంలో సులువు, రేవులో కష్టం. అప్పనపల్లిని ఒరుసుకుని పారే గోదావరి పాయ వైనతేయ ఓడలరేవు దగ్గర సముద్రంలో కలుస్తుంది. సముద్రం పోటు మీదుంటే నీరు ఎగువకే తోస్తుంది, పాటు వస్తే దిగువకు లాగుతుంది. ఉదయం వాలు అనుకున్న దిక్కు మధ్యాహ్నానికి ఎదురవుతుంది. ఏటి వేగం స్థిరమన్న పుస్తకపు ఊహ అక్కడ నిలవదు. కాలవలో మాత్రం నిలుస్తుంది. ధవళేశ్వరం నుంచి వచ్చి, గన్నవరం అక్విడక్టు మీదుగా వైనతేయను దాటి నగరం అనే ఊరి వైపు పారే కాలవ నీటికి పోటు, పాటు లేవు. గట్టు మీద నడుస్తూ తాళ్లతో పడవను ఎగువకు లాగిన కాలంలో కూలికి వాలు కంటే ఎదురు ఎంత బరువో భుజానికి తెలిసేది.

కురిడీ ధరల కోసం ఈ లెక్కలతో అవసరం ఇప్పుడు తక్కువ. అంబాజీపేట ధరలు దినపత్రికల జిల్లా పేజీలో పడతాయి. గండేరా వెయ్యికి ఇంత, గటగట వెయ్యికి ఇంత అని వేర్వేరు వరుసల్లో, పాత కాయకూ కొత్త కాయకూ విడివిడిగా ఉంటాయి. రెండు బళ్ల సరుకు పోల్చుకుని ధర తేల్చుకునే పని రైతుకు తప్పింది. కలగలుపు సరుకుకు గుత్తగా ధర మాట్లాడుకున్న చోట మాత్రం పాత లెక్క ఇంకా చెయ్యవలసిందే.